మూల గోడకు కొత్త కాగితం

మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పాత ట్రావెల్ ట్రైలర్, అదే కారు వెనక తగిలించుకుని వెళ్ళే చిన్న ఇల్లులాంటి బండి, ఒకటి చూశాననీ, అద్దంలా ఉందనీ, ఆదివారం వెళ్ళి బయానా ఇచ్చేస్తాననీ రాశావు. ఆ "అద్దంలా" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాలుగు నెలల క్రితం మా ఆవిడతో నేను అన్న మాట కూడా అదే. ఈ సంగతంతా ఫోనులో చెబితే నువ్వు నవ్వుతావు, నేను మధ్యలో మాట మార్చేస్తాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాస్త ఓపిక పట్టు.

నా ట్రైలర్ సంగతి అడిగినప్పుడల్లా "బాగానే ఉంది, చిన్న చిన్న పనులున్నాయి" అంటూ వచ్చాను. అబద్ధం. ఆ చిన్న పనుల్లో ముందు గోడ మొత్తం విప్పి మళ్ళీ కట్టడం ఒకటి.

కొనడానికి వెళ్ళిన రోజు తలుపు తీయగానే సువాసన గుప్పుమంది. ఎవరో ఎయిర్ ఫ్రెషనర్ సీసా మొత్తం ఖాళీ చేసినట్టుంది. "ఇంతలా ఎందుకు కొట్టారు?" అని మా ఆవిడ నా చెవిలో అడిగింది. శుభ్రత ఉన్న మనుషులులే అన్నాను. మంచం పక్క మూలలో గోడ కాగితం మిగతా చోట్ల కంటే ఒక ఛాయ తెల్లగా ఉంది. ఈ మధ్యనే మార్పించామన్నాడు అమ్మే ఆయన. నిచ్చెన వేసుకుని కప్పు చూస్తే అతుకులన్నిటి మీదా, నీరు దిగకుండా పూసే తెల్లటి సిలికాన్ దట్టంగా పులిమి ఉంది. ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో అని ముచ్చటపడ్డాను! తలుపు దగ్గర కాలు పెడితే నేల కొంచెం మెత్తగా దిగింది. "పరుపు లాంటిది వేయించారేమో" అని నేనే అన్నాను, ఆయన తల ఊపాడు. బండి ఒక పక్క ప్రహరీ గోడకు దాదాపు ఆనించి ఉంది. అటు దూరి చూడడానికి జానెడు సందు.

చూడలేదని నన్ను ఎవరూ అనలేరు. అన్నీ చూశాను. ప్రతిదానికీ ఆయన కంటే ముందే నేనే సంజాయిషీ చెప్పుకున్నాను. అప్పటికే మనసులో ఆ మంచం మీద పడుకుని కిటికీలోంచి కొండలు చూస్తున్నాను కదా!

అసలు సంగతి ఒక స్క్రూ వల్ల బయటపడింది. మంచం పైన చదువుకునే దీపం వదులుగా ఉంటే బిగిద్దామని తిప్పాను. స్క్రూ ఎంత తిప్పినా పట్టడం లేదు, గిరగిరా తిరుగుతూనే ఉంది. లాగితే ఊడి చేతిలోకి వచ్చింది, వెంట ముక్కుపొడిలా గోధుమరంగు పొడి రాలింది. అది చెక్క. అంటే ఒకప్పుడు చెక్క. ఆ కొత్త కాగితం చించి, పలక ఊడదీస్తే లోపలి కర్రలు నల్లబడి, వేలితో నొక్కితే దిగబడుతున్నాయి. మధ్యలో కూరిన గాజు ఉన్ని తడిసి ముద్దయి కిందికి జారిపోయింది. ఆ వాసన గురించి రాయను. ఆ రోజు సువాసన దేనికి కొట్టారో అప్పుడు తెలిసింది.

నేను మొదట ఆ మూల మీదనే కప్పుకు కన్నం ఉందనుకున్నాను. రెండు రోజులు అక్కడే వెతికాను, ఏమీ లేదు. చివరికి మరమ్మతులు చేసే ఒకాయనను పిలిస్తే, నవ్వి, రెండో చివర ముందు అంచున ఉండే చిన్న నారింజ రంగు దీపాన్ని చూపించాడు. దాని కింది రబ్బరు ఎండి పగిలి ఉంది. నీరు అక్కడ దిగి, అడ్డదూలం పట్టుకుని నడిచి, ఇవతలి మూలకు చేరిందట. బండి ఎటు వాలి నిలిస్తే నీరు అటే పోతుంది. మరక కనబడ్డ చోటుకీ కారిన చోటుకీ చుట్టరికం ఉండాలని లేదు. అది తెలియక ఇంతకుముందువాళ్ళు ఎక్కడ అతుకు కనిపిస్తే అక్కడ సిలికాన్ పులుముకుంటూ పోయారు. నేను శ్రద్ధ అనుకున్నది వాళ్ళ కంగారు అన్నమాట. పైగా సిలికాన్ మీద తర్వాత ఏ సీలెంటూ సరిగా అంటదు. దాన్ని గీకడానికే నాకు నాలుగు సెలవు రోజులు పట్టింది. కప్పు మీది రబ్బరు పొర చిరగకుండా ప్లాస్టిక్ గరిటెతో, గోటితో. నా గోళ్ళు ఇంకా చూపించే స్థితిలో లేవు.

నేల సంగతి అంతకంటే ఘనం. బండి అడుగున నల్లటి ప్లాస్టిక్ పొర ఒకటి కడతారు, దుమ్మూ గాలీ రాకుండా. దాన్ని ఒక చోట కోస్తే చెంబెడు నీళ్ళు నా మొహాన పడ్డాయి. పైనుంచి దిగిన నీరు బయటికి పోయే దారి లేక సంచిలో ఉన్నట్టు అక్కడే నిలిచిపోయింది. దాని పైనున్న ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోతోంది.

నాది ముడతల అల్యూమినియం రేకు కొట్టిన కర్ర చట్రం బండి కాబట్టి బతికిపోయాను. రేకు విప్పి, కుళ్ళిన కర్ర కోసి, కొత్త కర్ర జోడించి, మళ్ళీ బిగించుకోవచ్చు. అంచు పట్టీల కింద బ్యూటైల్ టేపు, అంటే జిగట రబ్బరు పట్టీ, వేసి, పైన కప్పు సీలెంట్ పోశాను. నీది అద్దంలా నునుపుగా ఉందంటే ఫైబర్‌గ్లాస్ గోడలదై ఉంటుంది. నా భయమంతా అక్కడే. ఆ గోడ విడి భాగాలుగా ఉండదు. పలుచని ఫైబర్‌గ్లాస్, దాని వెనక సన్నని ప్లైవుడ్, లోపల ఫోమ్, అన్నీ జిగురుతో ఒక్క పలకగా అతికేస్తారు. లోపలికి నీరు చేరితే జిగురు వదిలేస్తుంది, పై పొర ఉబ్బుతుంది. దాన్ని సరిచేయడమంటే చాలాసార్లు ఆ పక్క గోడ మొత్తం మార్చడమే. ఎదురుగా నిలబడి చూస్తే తెలియదు. ఎండ ఏటవాలుగా పడే వేళ గోడకు చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి, పొడవునా చూడు. నీళ్ళలో అలలా కనబడితే ఇక లోపలికి కూడా వెళ్ళకు. బండి గోడకు ఆనించి పెట్టి ఉంటే ముందుకు లాగి చూపించమను. బద్ధకిస్తే అదే జవాబు.

టైర్ల గురించి ఒక్క మాట. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయని నేను మురిసిపోయాను. ట్రైలర్ ఏడాదిలో ఎక్కువ కాలం నిలిచే ఉంటుంది, గాడులు ఎందుకు అరుగుతాయి? వయసే దాన్ని తినేది. టైరు పక్క భాగం మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2214 అంటే 2014లో 22వ వారం. అవే నావి. అవి టైరుకు ఒక వైపే ఉండవచ్చు, బయట కనబడకపోతే కింద దూరి చూడాలి. మాసిన బట్టలతో వెళ్ళు.

ఇలాంటి బండ్లలో చాలావాటికి ఫ్రిజ్ కరెంటుతోనూ, గ్యాసుతోనూ నడుస్తుంది. అది చల్లగా ఉందని చూపిస్తారు. కరెంటు మీద చల్లబడ్డది గ్యాసు మీద కూడా పనిచేస్తుందని ఏమీ లేదు, రెండూ అడుగు. వెనక పసుపు మరకలో అమోనియా ఘాటో ఉంటే దాని ఆయువు తీరినట్టే.

అమ్మినాయనకు ఫోను చేశానా అని అడుగుతావు. చేశాను. "మా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఒక్క చుక్క కారలేదండీ" అన్నాడు, ఎంతో నొచ్చుకున్న గొంతుతో. నేను సంతకం పెట్టిన కాగితంలో "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసి ఉంది. ఫోను పెట్టేశాను. ఆయన మీద కోపం కొన్నాళ్ళు బాగానే పనికొచ్చింది, కర్రలు కోసేటప్పుడు మరీ. తర్వాత అదీ అరిగిపోయింది. అన్నట్టు, ఆ మూల కాగితం అతికించిన పనితనం మాత్రం ఒప్పుకోవాలి, ఎక్కడా ఒక్క ముడత లేదు.

ఆదివారం బయానా జేబులో పెట్టుకుని వెళ్ళకు. ముందు నాకు కబురు పెట్టు, నేనూ వస్తాను. చెక్కలో తేమ కొలిచే పరికరం ఒకటి కొన్నాను, అరచేతిలో పట్టేంత. రెండు సూదులు గుచ్చితే శాతం చూపిస్తుంది. 20 లోపు ఉంటే చెక్క కుళ్ళదని లెక్క. కిటికీల కింది మూలలు, అల్మరాల లోపలి పైభాగాలు, మంచం కింద, స్నానాల గది నేల, కప్పులోంచి గొట్టాలు బయటికి వెళ్ళే చోట్లు, ఇవన్నీ నేనే గుచ్చుతాను. అమ్మేవాళ్ళు విసుక్కుంటే నేను పిచ్చివాడినని చెప్పు. నువ్వు మాత్రం మడమతో నేలంతా నొక్కుతూ నడువు, ముఖ్యంగా తలుపు దగ్గర. వర్షం పడ్డ మర్నాడు వెళ్ళగలిగితే మరీ మంచిది.

నా బండి సంగతంటావా, కొత్త గోడలో 9 చూపిస్తోంది. నిన్న రాత్రి కుండపోతగా కురిసింది. రెండుసార్లు గొడుగు వేసుకుని వెళ్ళి కొలిచి వచ్చాను. రెండుసార్లూ 9. మూడోసారి చెప్పులు తొడుక్కుంటుంటే మా ఆవిడ లైటు ఆర్పేసింది.

ఇట్లు,
నీ గోళ్ళు లేని మిత్రుడు