వానలు తగ్గాక నేలపట్టు పోదాం

అన్నలూ అక్కలూ, గ్రూపులో అందరం వాన గురించి టెన్షన్ పడుతున్నాం గానీ దీని అందం గురించి ఒక్కరూ రాయలేదే. రాష్ట్రంలో చాలా చోట్ల జూన్‌లోనే వానాకాలం మొదలు, మన నెల్లూరుకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, చెరువులు నిండేదీ, నారుమళ్లు పచ్చబడేదీ, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టుకు గూడబాతులు (పెలికాన్ పక్షులు) చేరేదీ ఈ వానలను నమ్ముకునే. 1976 నుంచి అది పక్షుల రక్షణ కేంద్రం. అక్కడి చెట్లు నెలల తరబడి నీళ్లలో నిలబడినా చావవు, గూళ్లకు ఆ నీళ్లే కాపలా, నక్కలూ అడవిపిల్లులూ అంత తేలిగ్గా దగ్గరికి రాలేవు. తల్లీతండ్రీ పులికాట్ వైపు పోయి చేపలు మింగి తెస్తే పిల్లలు వాటి గొంతులోకి తల దూర్చి మరీ తింటాయి, ఎంతసేపు చూసినా కదలబుద్ధి కాదు. వానలు సరిగా పడని ఏడాది చెరువులో నీళ్లుండవు, గూళ్లూ తగ్గిపోతాయి, అందుకే ఈ ముసురును తిట్టుకోవద్దండీ.

వచ్చే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరదాం. ఎవరెవరు వస్తారో ఇక్కడే చెప్పండి. బైనాక్యులర్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, పాటల స్పీకర్లు మాత్రం వద్దు, పక్షులు బెదురుతాయి.