గిర్ సింహాలకు రెండో ఇల్లు ఎప్పుడు?

కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

2020లో 674 ఉన్న ఆసియా సింహాలు 2025 లెక్కల్లో 891కి చేరాయి. చాలా సంతోషం. పశువుల్ని పోగొట్టుకుంటూ కూడా వాటి పక్కనే బతుకుతున్న మాల్ధారీలకు (అక్కడి పశువుల కాపరులకు) ముందుగా దండం పెట్టాలి.

కానీ పొట్ట కింద వేలాడే చర్మపు మడత, చెవులు కనిపించేంత పలచని జూలు ఉండే ఈ సింహం, అడవిలో స్వేచ్ఛగా తిరిగేది ప్రపంచం మొత్తంలో గుజరాత్‌లోని సౌరాష్ట్రలోనే, అంటే గిర్ అడవి, దాని చుట్టుపక్కలే. మా టెన్షన్ అంతా అదే. 2018లో గిర్‌లోని దల్ఖాణియా అటవీ రేంజిలో కొద్ది వారాల్లోనే 20కి పైగా చనిపోయాయి. కొన్నింటికి కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ జబ్బు వైరస్ సోకినట్టు తేలింది. 1994లో టాంజానియాలోని సెరెంగెటీలో ఈ జబ్బే దాదాపు మూడో వంతు సింహాలను పొట్టన పెట్టుకుంది. ఒకప్పుడు పదుల్లోకి పడిపోయిన మంద సంతానం కాబట్టి మనవాటికి జన్యు వైవిధ్యమూ తక్కువే.

కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తరలించాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, అదీ ఆరు నెలల్లో. 2022లో అక్కడికి చీతాలు వచ్చాయి, సింహాలు మాత్రం రాలేదు. గుజరాత్‌లోనే ఉన్న బర్దా అభయారణ్యానికి సింహాలు వాటంతట అవే చేరడం మంచిదే. అయితే అదీ సౌరాష్ట్రే కదా, రోగం అక్కడికి రాదని ఎవరు హామీ ఇస్తారు?

తరలింపు ఎప్పుడో తేదీతో ప్రకటించండి. ఈలోగా సింహాలు పడిపోకుండా గిర్ చుట్టూ పొలాల్లో గట్టు లేని బావులన్నిటికీ గోడలు కట్టించండి. సింహాలు రైళ్ల కింద పడకుండా పిపావావ్ రేవుకు వెళ్లే రైలు మార్గంలో రాత్రిళ్లు వేగం తగ్గించండి.