పుండుకు డబ్బు కడతారు, పుండు రాకుండా చూసే మనిషికి కట్టరా?

సంపాదకులకు,

మంచాన పడ్డ తల్లిదండ్రుల బాధ్యత పిల్లలదేనని 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం తేల్చేసింది. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఇప్పించగలిగేది నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు. అంటే గంటకు 14 కూడా కాదు.

ఆ గంటల్లో ఏం పని ఉంటుందో చూడండి. పక్షవాతంతో కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, అర్ధరాత్రి అయినా సరే. నడుము కిందో మడమ దగ్గరో ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదంటే పడకపుండు మొదలైనట్టే. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు చాలామంది, అక్కడే దెబ్బతింటారు. ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, తర్వాత అరగంటైనా అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. రోజుకు నాలుగు డైపర్లయినా నెలకు 120. అటెండెంట్ షిఫ్టు 12 గంటలు కాబట్టి ఇద్దరు కావాలి, వాళ్ల సెలవుకి మూడో మనిషి. అంత పెట్టలేని ఇంట్లో రాత్రి షిఫ్టు కూతురిదో కోడలిదో! ఆమె వదులుకున్న జీతం ఎవరి లెక్కలోకీ రాదు.

బీమా ఉందిగా అంటారు. పాలసీలో మినహాయింపుల పేజీ తీసి 05వ కోడ్ చదవండి. స్నానం చేయించడానికి, బట్టలు మార్చడానికి, నడిపించడానికి మనిషిని పెట్టుకుంటే ఆ ఖర్చు ఇవ్వబోమని ఉంటుంది. 70 నిండినవారికి 2024 అక్టోబరులో వచ్చిన 5 లక్షల ఆయుష్మాన్ కార్డుదీ ఆసుపత్రి వైద్యమే. పుండు కుళ్లి ఆసుపత్రిలో చేరితే డబ్బు ఉంది. దాన్ని రాకుండా ఆపే చేతులకు లేదు.

జపాన్‌లో 2000 నుంచి 40 ఏళ్లు నిండినవారంతా, వృద్ధులను చూసుకునే ఖర్చు భరించే సంరక్షణ బీమాకు ప్రీమియం కడుతున్నారు. సుమారు సగం భారం పన్నుల నుంచి వస్తుంది. అంతటి ఏర్పాటు మనకు ఇప్పట్లో కుదరకపోవచ్చు. కనీసం పక్షవాతం, తుంటి ఎముక విరిగిన రోగులకు డిశ్చార్జి తర్వాత 90 రోజుల అటెండెంట్ ఖర్చును ఆరోగ్యశ్రీలో చేర్చవచ్చు. ఆపైన అయ్యే ఖర్చుకు పెద్దల ఆస్తి ముందు, పిల్లల జీతం తర్వాత.

ఒక జాగ్రత్త. పిల్లలకు ఇల్లు గిఫ్ట్ డీడ్ రాసేవారు ‘మమ్మల్ని చూసుకోవాలి’ అనే షరతును దస్తావేజులోనే రాయించండి. నోటిమాటతో సరిపెడితే ఆ 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించడం కష్టం.

– ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే నర్సులం, హైదరాబాద్