మొక్క నాటినవాళ్లకు చెట్టు గురించి ఎవరు చెబుతారు?

సంపాదకులకు,

వానలు మొదలవగానే వన మహోత్సవం వార్తలు పేపర్ల నిండా వస్తాయి. ఎక్కడ ఎన్ని మొక్కలు నాటారో రాస్తారు. వాటిని ఏళ్ల తరబడి కాచుకునే కాలనీ వాలంటీర్లకు ఆ తర్వాత ఎవరు ఏం నేర్పుతున్నారన్నది మాత్రం ఎక్కడా కనబడదు. అందుకే ఈ లేఖ.

నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిణిగా పనిచేసి రిటైరయ్యాను. హనుమకొండలో మా కాలనీ చెట్లు చూసుకునే బృందంలో ఆటో నడిపేవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. నడి ఎండాకాలంలో బిందెలతో నీళ్లు మోసి మొక్కలను బతికించినవాళ్లు వీళ్లు. 2015లో హరితహారం మొదలైనప్పుడు నాటినవి ఇప్పుడు కరెంటు తీగలను అందుకుంటున్నాయి. వీళ్లకు అందిన శిక్షణ మాత్రం గుంత ఎంత లోతు తీయాలి, ఎరువు ఎంత వేయాలి అన్న దగ్గరే ఆగిపోయింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊళ్లలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. మంచిదే. కానీ బతికిన మొక్క పదో ఏట అడిగేది నీళ్లు కాదు.

వేపచెట్ల సంగతే తీసుకోండి. 2021లో తెలంగాణ అంతటా వేపలు కొసల నుంచి మాడిపోయాయి. ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. మా పక్క వీధిలో చెట్టు చచ్చిపోయిందనుకుని రెండు పెద్ద వేపలను మొదలుకంటా కొట్టించేశారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రంతో వచ్చే ఎండుకొమ్మ తెగులు. టీ దోమ అనే నల్లి జాతి పురుగు లేత కొమ్మల రసం పీల్చి చేసిన గాయాలు దానికి తోడవుతాయి. వానాకాలం నుంచి చలికాలం దాకా ఉధృతంగా ఉండి, తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. ఎండిన కొమ్మలు తీసి కాల్చేయమనీ, కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు పిచికారీ చేయమనీ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. ఆ మాట రైతులకు చేరింది. చీపురు, బకెట్ పట్టుకుని వీధి చెట్టు కింద నిలబడ్డ మా వాలంటీర్‌కు చేరలేదు, ఎందుకంటే చేర్చే దారే లేదు.

కొమ్మ కొట్టడం ఇంకో పెద్ద విషయం. కొమ్మ మొదట్లో కాండానికి ఆనుకుని ఉబ్బెత్తుగా ఒక మడత ఉంటుంది. దాన్ని తాకకుండా, దానికి కాస్త బయట, కొమ్మ వైపున కోయాలి. లావు కొమ్మైతే ముందు కింద నుంచి ఒక గాటు, తర్వాత దానికి కొంచెం అవతల, కొమ్మ కొస వైపున పై నుంచి కోత, చివరికి మిగిలిన మోడు తీయడం. లేకపోతే కొమ్మ బరువుకు బెరడు చీరుకుంటూ కాండం మీదకి దిగుతుంది. కోసిన చోట తారు, పెయింట్ పూయడం చాలామందికి అలవాటు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను కోసి చూసి, చెట్టు గాయం చుట్టూ తానే లోపల గోడ కట్టుకుంటుందని ఎప్పుడో తేల్చారు. పూతలతో కుళ్లు ఆగదు. ఇది పావుగంటలో చూపించగల పని, చూపించేవాళ్లే లేరు.

న్యూయార్క్‌లో పన్నెండు గంటల కోర్సు చేసి, పరీక్ష పాసైన మామూలు పౌరులకు వీధి చెట్ల కొమ్మలు కత్తిరించే లైసెన్సు ఇస్తారు. చెట్టు ఎక్కకూడదు, చేతి పనిముట్లతోనే చేయాలి. అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన దగ్గర పొలంబడి ఉంది కదా! పాతిక ముప్పై మంది రైతులు సీజను పొడవునా వారం వారం చేలోనే కూర్చుని, శత్రు పురుగులు ఎన్ని, మిత్ర పురుగులు ఎన్ని అని లెక్కపెట్టి, చార్టు మీద బొమ్మ గీసి, మందు కొట్టాలో వద్దో తామే తేల్చుకునేవారు. బడికి పోని ఆడవాళ్లు మిత్ర పురుగైన అక్షింతల పురుగును పేరు పెట్టి పిలవడం నేను కళ్లారా చూశాను. అదే పద్ధతి చెట్లకు ఎందుకు పెట్టకూడదు?

ఒకసారి చెప్పి వదిలేస్తే చాలదు, తెలిసిన సంగతులు మారుతుంటాయి. నిన్నటిదాకా రోడ్ల పక్కన అందానికి పెంచే కోనోకార్పస్ మొక్కను నాటమన్నారు, తర్వాత వద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది కూడా. మరి ఇప్పటికే పెరిగినవాటిని ఏం చేయాలని మా పిల్లలు అడుగుతున్నారు. మొదళ్ల చుట్టూ సిమెంటు వేయొద్దని, ఒక మీటరు మేర మట్టి వదలాలని హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ చెట్ల విషయంలో ఆదేశించింది. ఆ మాట తెలిసినవాళ్లుంటే సీసీ రోడ్డు వేసే రోజునే కాంట్రాక్టరుతో మాట్లాడగలరు. కాండంలోకి దిగబడుతున్న ట్రీగార్డును ఏ ఏడు తీయాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

నగరపాలక సంస్థను, అటవీ శాఖను నేను కోరేది పెద్దదేం కాదు. తొలకరికి ముందు, వానలు తగ్గాక, ఆకురాలే కాలంలో, నడి ఎండల్లో వార్డుకొక పూట, చెట్టు కిందే క్లాసు పెట్టండి. వరంగల్‌లో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, అక్కడి నుంచి ఒకరిని పంపమని అడగండి. విద్యుత్ లైన్‌మెన్‌ను కూడా పిలవాలి. తీగల దగ్గరి కొమ్మ జోలికి వాలంటీర్లు వెళ్లకూడదని వాళ్ల నోటితోనే చెప్పించాలి, కొమ్మ ఎక్కడ కోయాలో వాళ్లూ మాతో పాటు చూడాలి. మా కాలనీ హాలు ఆదివారం పొద్దుట ఖాళీగానే ఉంటుంది. నాలాగా రిటైరైన విస్తరణ ఉద్యోగులు జిల్లాలో చాలామందిమి ఉన్నాం, పైసా అడగకుండా వస్తాం. ఈ ఏడు వేపలు మాడే కాలానికి ముందే ఒక్క వార్డులోనైనా మొదలుపెట్టండి.

– విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారిణి, హనుమకొండ