సింహద్వారం బొమ్మల ఆర్డర్లు: ఆలస్యం ఎందుకు, డిజైన్ డబ్బులు ఎందుకు

నెల్లూరులో మా సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్) చెక్కుడు షాపుకు తలుపుల పని ఇచ్చినవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "బొమ్మ మేమే గీయించి ఇచ్చాం కదా, మళ్లీ డిజైన్‌కు డబ్బులేంటి?" అడగడంలో న్యాయం ఉంది. అందుకే అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

మీరిచ్చే కాగితం మీద గీతలుంటాయి, ఎత్తుపల్లాలుండవు. గీత వెంబడి గాడి తీయడమే అయితే పని తొందరగా తెమిలిపోతుంది. బొమ్మ చెక్కలోంచి ఉబ్బి కనబడాలంటే మాత్రం ఏ భాగం ఎంత లేవాలో ఒక్కొక్కటిగా మేమే తేల్చుకోవాలి.

పెన్న ఒడ్డున పవళించిన మన తల్పగిరి రంగనాథుణ్ణే చాలామంది కోరుకుంటారు. అందులో కష్టమంతా ఆదిశేషుడి చుట్టల దగ్గర. ఒక చుట్ట ఇంకోదాని కిందికి దూరే చోట కాగితం మీద గీత ఆగిపోతుంది. అది ఎటు పోయి ఎక్కడ తేలిందో మేం గీసి పూర్తిచేస్తాం. తర్వాత చుట్టకు రెండు వైపులా ఉన్న అంచులను పట్టాలుగా పెట్టి, మధ్యలో ఉబ్బిన అడ్డుకోత గీత, అంటే చుట్టను అడ్డంగా కోస్తే కనబడే వంపు, ఒకటి ఇస్తాం. సాఫ్ట్‌వేర్ ఆ వంపును పట్టాల వెంట చివరిదాకా నడిపిస్తే గుండ్రటి ఒళ్లు వస్తుంది. తోక సన్నబడేకొద్దీ వంపు ఎత్తూ తగ్గించాలి, లేకపోతే కొస నిక్కి నిలబడి చెయ్యి తగిలితే విరుగుతుంది. పడగ నుంచి స్వామి పాదాల దాకా అంతా 12 మిల్లీమీటర్ల లోతులోనే సర్దాలి.

ఫొటో పెడితే కంప్యూటరే త్రీడీ చేస్తుందట కదా అంటారు. చేస్తుంది. తెలుపును ఎత్తుగా, నలుపును లోతుగా తీసుకుంటుంది. దాంతో నల్లటి కనుపాప గుంట పడుతుంది, తెల్లటి నామం బొడిపె కడుతుంది. గీతల బొమ్మయితే మరీ ఘోరం: గీత ఉన్నచోట సన్నని కాలువ, మిగతాదంతా చదును. స్వామి ముఖాన్ని అలా చెక్కి ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

ఇకపై డిజైన్, చెక్కుడు బిల్లులో విడివిడిగా రాస్తాం. కంప్యూటర్‌లో తయారైన త్రీడీ మోడల్‌కు పక్క నుంచి వెలుతురు వేసి, తిప్పుతూ తీసిన వీడియో వాట్సాప్‌లో పంపుతాం. ముక్కు, చెంపల ఎత్తు అలా చూస్తేనే తెలుస్తుంది. మీరు సరేనన్నాకే టేకు చెక్కను మిషన్ మీద బిగిస్తాం, కాబట్టి మార్పులుంటే అప్పుడే చెప్పండి. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నవాళ్లు, మేస్త్రి తలుపు సైజు ఖాయం చేసిన వెంటనే బొమ్మ ఇచ్చేయండి. అదే బొమ్మ అదే సైజులో ఇంకో తలుపుకు కావాలంటే డిజైన్ డబ్బులు మళ్లీ తీసుకోం. వెడల్పు మారితే మాత్రం స్వామిని సాగదీయం, చుట్టూ ఉన్న లతలను కొత్తగా సర్దుతాం. దానికి కొంత అవుతుంది.