బోర్డు పోయిందనే ముందు అడాప్టర్ మార్చి చూడండి

సంపాదకులకు నమస్కారం.

నేను విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే కూర్చుని అపార్టుమెంట్లకీ గోడౌన్లకీ స్ట్రక్చరల్ డ్రాయింగులు గీసి బతుకుతున్నాను. మూడేళ్ల కిందట రెండు లక్షల అరవై వేలు పెట్టి వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ కారొచ్చేది కదా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. 64 జీబీ ర్యామ్, ఇటుకంత అడాప్టర్, బ్యాగులో పెడితే భుజం లాగేసేంత బరువు. అయినా రెవిట్ అనే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పది అంతస్తుల మోడల్ తిప్పుతుంటే ఎక్కడా ఆగేది కాదు కాబట్టి ఏ రోజూ బాధపడలేదు.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఆన్ చేస్తే మౌస్ కదిపిన కాసేపటికి గానీ తెర మీద బాణం కదలడం లేదు. రోజూ రెండు నిమిషాల్లో తెరుచుకునే ఫైలు, టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంది. వైరస్ అనుకున్నా, విండోస్ అప్‌డేట్ అనుకున్నా, చివరికి ఫార్మాట్ కొట్టి ఒక రోజంతా సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకుంటూ కూర్చున్నా, మార్పేమీ లేదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ స్పీడు 0.78 గిగాహెర్ట్జ్ దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయి ఉంది. మామూలుగా నాలుగు దాకా వెళ్లేది.

మన ఊళ్లో ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే ముందు అనుమానించాల్సింది వేడినే. సముద్రం గాలి, తేమ, కిటికీలు తీసుకుని పనిచేసే అలవాటు, వీటన్నిటితో ఫ్యాన్ పక్కనుండే సన్న రేకుల మధ్య దుమ్ము తడిసి ముద్దయి గట్టిపడుతుంది. రెండేళ్ల కిందట నాది విప్పించినప్పుడు లోపల దుప్పటి ముక్కలా ఒక పొర ఊడొచ్చింది, రాగి గొట్టం మీద పచ్చగా చిలుం కూడా ఉంది. అది దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి పూసే థర్మల్ పేస్ట్ మార్చాక బాగుపడింది. అందుకే ఈసారి కూడా అదేననుకుని వేడి చూశాను. 48 డిగ్రీలు! ప్రాసెసర్ వేడికి తట్టుకోలేక తగ్గడమంటే ఇంచుమించు 100 దగ్గర, అదీ కాసేపు పరిగెత్తాక. చల్లగా ఉండి, ఆన్ చేసిన క్షణం నుంచే 0.78లో ఉందంటే రోగం వేరే. అక్కడిదాకా బాగానే ఆలోచించాను. కానీ ఆన్ చేసినప్పుడల్లా అడాప్టర్ ఎన్ని వాట్లదో తెలియడం లేదని తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క కనిపిస్తుంటే, నేను తెలివిగా ఒక బటన్ నొక్కి దాటేస్తున్నాను. బ్యాటరీ ఎక్కడం లేదని కూడా చూశాను, పాతదైపోయింది కదా అనుకున్నాను.

వారంటీ అయిపోయి నలభై రోజులు. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు ల్యాప్‌టాప్ మాత్రం ఉంచమని, అడాప్టర్ తీసుకెళ్లిపోండి సార్, పోతే మాకు పూచీ లేదు అన్నాడు. రెండు రోజుల తర్వాత ఫోను. "మదర్‌బోర్డు పోయింది సార్. జీఎస్టీ కాక 86 వేలు. బోర్డు హైదరాబాద్ నుంచి రావాలి, మూడు వారాలు." దేంతో పరీక్షించారని అడిగితే మా దగ్గరున్న అడాప్టర్‌తో అన్నాడు. ఎన్ని వాట్లది? 90. నా మెషీన్‌కి కావాల్సింది 240. అంత పెద్దది ఇక్కడ స్టాకు ఉండదు సార్, అన్నాడు మామూలుగా.

సరే, ఆలోచిస్తానని చెప్పి వెనక్కి తెచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర లేదు. గాజువాక పార్టీకి శుక్రవారం డ్రాయింగులు ఇవ్వాలి, బోర్డు వేయించుకోవాలా, అప్పు చేసి కొత్తది కొనాలా అని ఒకటే టెన్షన్. మర్నాడు దువ్వాడ సెజ్‌లో పనిచేసే మా పిన్నికొడుకు వచ్చాడు. వాళ్ల ఆఫీసు వాళ్లిచ్చింది కూడా అదే కంపెనీ, ఇలాంటి పెద్ద ల్యాప్‌టాపే. "ఏటన్నయ్యా, ఓసారి నాది తగిలించి చూడు" అని తన అడాప్టర్ గుచ్చాడు. గుచ్చిన మరుక్షణం ఫ్యాన్ జుయ్యిమని లేచింది, స్పీడు 0.78 నుంచి 4.1కి ఎగిరింది. అంతే. నా దాని వైరు, పిన్నుకి జానెడు దూరంలో, రోజూ మడతపెట్టే చోట లోపల తెగింది.

ఇందులో కిటుకేమిటంటే ఇలాంటి ల్యాప్‌టాప్‌ల అడాప్టర్‌లో కరెంటు మోసే తీగలు కాక సన్నటి తీగ ఇంకోటి ఉంటుంది. నేను 240 వాట్లదాన్ని అని అడాప్టర్ మెషీన్‌కి చెప్పుకునేది దాని ద్వారానే. అది తెగితే కరెంటు వస్తూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, కానీ ఎంత లాగొచ్చో తెలియక మెషీన్ భయపడి ప్రాసెసర్‌ని అట్టడుగుకి దించేస్తుంది, బ్యాటరీని ఎక్కించడం మానేస్తుంది. 90 వాట్లది పెట్టినా దాదాపు ఇదే వరస. అంటే వాళ్లు చూసింది జబ్బుని కాదు, వాళ్లు తగిలించిన చిన్న అడాప్టర్‌ని. కొత్త ఒరిజినల్ ఏడు వేల చిల్లర పడింది. రెండు వేలకే 240 వాట్లు అని స్టిక్కర్ వేసి అమ్మేవి కూడా చూశాను. ఇంత మెషీన్‌కి అవి తగిలించే ధైర్యం నాకైతే లేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, పరికరం ఇవ్వకుండా కూర్చోబెడితే వాడేం చేస్తాడు. కోపమంతా లక్షల్లో మెషీన్లు అమ్మి, వాటికి సరిపడే ఒక్క అడాప్టర్ కూడా విశాఖలో ఉంచని కంపెనీ మీద. పోర్టు, స్టీల్ ప్లాంటు, ఫార్మా, ఇన్ని కట్టడాలు ఉన్న ఊళ్లో ఇలాంటి మెషీన్లు వాడేవాళ్లు నా ఒక్కడితో ఆగరు. ఏ అడాప్టర్‌తో పరీక్షించారు, ఏ రీడింగ్ వచ్చింది, బోర్డులో ఏది పోయింది అన్నది ఎస్టిమేట్ కాగితం మీద రాసివ్వాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నిబంధన పెట్టాలి. మరమ్మతు హక్కు అంటూ 2022 డిసెంబరులో ఆ శాఖే పోర్టల్ తెరిచింది కదా, ఆ హక్కులో ఇది కూడా భాగమే.

ఇంకోమాట, వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని కౌంటర్లో ఎవరైనా అంటే నమ్మకండి. స్వయం ఉపాధితో బతకడానికి తానే వాడుకునే వస్తువు కొన్నవాళ్లు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారులే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు.

ఏ అడాప్టర్‌తో చూశారో రాసివ్వమని సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెట్టి పన్నెండు రోజులైంది, జవాబు లేదు. ఇన్‌స్పెక్షన్ చార్జీ 590 రూపాయలు వెనక్కి ఇమ్మని రాస్తే మాత్రం కుదరదని మర్నాడే జవాబొచ్చింది.

ఇట్లు,
ఒక డ్రాఫ్ట్స్‌మన్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం