ప్రధానోపాధ్యాయురాలి లేఖ: వార్షికోత్సవంలో వినిపించిన పియానో గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత శనివారం వార్షికోత్సవంలో ఎనిమిదో తరగతి బాలిక ఒకతె కీబోర్డు మీద ఒక ఫ్రెంచి స్వరరచన వాయించింది. పాటా లేదు, నృత్యమూ లేదు కాబట్టి అది ఎవరికి అర్థమవుతుందని, ఆ సమయంలో ఇంకో సినిమా నృత్యం పెట్టి ఉండవచ్చని మీలో చాలామంది బస్సుల దగ్గర అనుకుంటున్నట్టు నాకు తెలిసింది. ఇద్దరు తండ్రులు నా గదికే వచ్చి, సంగీతం పీరియడును లెక్కలకు ఇచ్చేయమని అడిగారు. వారికి చెప్పిన సమాధానం అందరికీ చేరాలని ఈ నెల లేఖను దానికే కేటాయిస్తున్నాను.

ఆ అమ్మాయి వాయించినది 'బలాడ్ పూర్ ఆదెలీన్'. పాల్ ద సెన్విల్ అనే స్వరకర్త, తనకు కొత్తగా పుట్టిన కూతురు ఆదెలీన్ కోసం దాన్ని కూర్చారు. దాన్ని వాయించి ప్రపంచానికి వినిపించిన రిచర్డ్ క్లేడర్‌మన్ 1953 డిసెంబరు 28న పారిస్‌లో జన్మించారు. ఆయన అసలు పేరు ఫిలిప్ పాజెస్. ఆ ఇంటిపేరు ఇతర దేశాలవారి నోరు తిరగదని, తరువాత ముత్తవ్వ ఇంటిపేరు పెట్టుకున్నారు. తండ్రి పియానో ఉపాధ్యాయుడు కావడంతో చదువు ఇంట్లోనే మొదలైంది. 12 ఏళ్లకు పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చేరి, 16 ఏళ్లకు అక్కడ మొదటి బహుమతి అందుకున్నారు. అంతలో తండ్రి జబ్బుపడి ఇల్లు గడవడం కష్టమైతే, ఆ కుర్రవాడు బ్యాంకులో గుమాస్తాగా పనిచేస్తూ, పేరున్న గాయకుల వెనక పియానో వాయించి సంపాదించుకున్నాడు. 1976లో ఈ స్వరరచన కోసం 20 మందిని వాయింపించి చూసిన సెన్విల్‌కు, ఆయన సహచరుడు ఒలివియే తూసేన్‌కు నచ్చినది పియానో మెట్ల మీద ఆ కుర్రవాడి వేళ్ల మెత్తదనం. ఆ రికార్డు 38 దేశాల్లో 2 కోట్ల 20 లక్షల ప్రతులు అమ్ముడైనట్టు చెబుతారు. 'సంగీతం కూడు పెడుతుందా' అని అడిగిన తండ్రిగారికి నేను చూపించినది ఆ బ్యాంకు ఉద్యోగం సంగతే. అవసరం వచ్చినప్పుడు ఆయన ఉద్యోగమూ చేశారు, సాధనా వదలలేదు. మన పిల్లలందరూ క్లేడర్‌మన్లు అవుతారని నేను చెప్పడం లేదు. ఒక పని చేతికి వచ్చేదాకా కూర్చోవడం అలవాటైన పిల్ల లెక్కల పుస్తకం ముందు కూడా అలాగే కూర్చుంటుందని ఇరవై ఏళ్లుగా నా కళ్లతో చూస్తున్నాను.

క్లేడర్‌మన్ సంగీతం మరీ తేలికని పెదవి విరిచేవారు కూడా ఉన్నారు. వారు మా ఆరుబయట అరుగు మీద ఈ అమ్మాయి పడిన శ్రమ చూసి ఉండాల్సింది. వాళ్ల ఇంట్లో కీబోర్డు లేదు. అట్టపెట్టె కోసి, దాని మీద స్కెచ్ పెన్నుతో నల్లమెట్లు, తెల్లమెట్లు గీసుకుని, మధ్యాహ్న భోజనం అయ్యాక రోజూ ఆ అట్ట మీద వేళ్లు ఆడించేది. ఎడమచేతి స్వరాలు ఆగకుండా పారుతుండగా కుడిచేయి రాగాన్ని పలికించాలి. ఆమె ఎడమచేతి చిటికెనవేలు, బొటనవేలు ఒక స్థాయి దూరానికి, అంటే స నుంచి పై స దాకా, చాలేవి కావు. దానికోసం మణికట్టును కొంచెం పక్కకు జరిపే పద్ధతి తనంతట తానే కనిపెట్టింది. ఆ పిల్లను చూసి నాకు కలిగిన గర్వం మాటల్లో చెప్పలేను. పక్కన నిలబడి పేజీలు తిప్పిన ఏడో తరగతి అబ్బాయి ఒక్క స్వరం కూడా తప్పిపోనివ్వలేదు, అతనికి కూడా ప్రత్యేకంగా అభినందనలు.

మాటలు లేని సంగీతం మన నేలకు పరాయిది కాదు. 1922లో ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు తండ్రి అచ్యుతరామశాస్త్రి గారి దగ్గరే వీణ నేర్చారు. ఆయన శిష్యులు, 1936లో కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు వీణ తీగల మీద కోయిల కూతను వినిపించారు. మన కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు గాయకులై ఉండి కూడా వయొలిన్ లాంటి వాద్యమైన వయొలా వాయించారు. ఇంత సంపద ఉన్న గోదావరి పాయల మధ్య పెరిగే పిల్లలకు వారానికి ఒక్క సంగీతం పీరియడు ఎక్కువా? నా మట్టుకు అది చాలా తక్కువ, తీసివేయడానికి నేను ఒప్పుకోను.

మీరు కష్టపడి పిల్లల్ని చదివిస్తున్నారని నాకు తెలుసు, మీ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా ఒక మాట చెప్పక తప్పడం లేదు. ఆ అమ్మాయి వాయిస్తున్నంతసేపట్లో సభలో మూడు ఫోన్లు మోగాయి. రెండో వరుసలో రొయ్యల ధర గురించి మాట్లాడుతున్నవారు ఆపనే లేదు. ఆ గొంతు విని అమ్మాయి ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకున్నది. కొందరు ఇళ్లలో పిల్లలకు కొనిచ్చిన కీబోర్డును పరీక్షలు అయ్యేదాకా అటక మీద పెట్టి, టీవీ మాత్రం రాత్రి పదకొండు వరకు ఆపడం లేదని పిల్లలే మాకు చెబుతున్నారు. దయచేసి టీవీని పదింటికే ఆపి, కీబోర్డును కిందికి దించి, పిల్లలను రోజుకు అరగంట వాయించనివ్వండి.

కీబోర్డు లేని పిల్లల కోసం ప్రతి శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు సంగీతం గది తెరిచి ఉంచుతాము, రుసుము ఏమీ లేదు. వచ్చే నెల రెండో శనివారం ఆ అమ్మాయి అదే స్వరరచనను ప్రార్థన మైదానంలో మళ్లీ వాయిస్తుంది. రాగలిగినవారు ఫోన్లు ఆపి లోపలికి రావలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు